అరచేతిలో చలికాలం

షికాగో శివారులో ఒక అపార్ట్‌మెంటు, డిసెంబరు మూడో వారం. తండ్రి పల్నాడులో వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. మంచు కురవడం చూడటం ఆయనకిదే మొదలు. కూతురు ఇక్కడ ఒక ఆసుపత్రి లాబ్‌లో పనిచేస్తుంది. రాత్రి భోజనాలయ్యాక వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదం ఇది.

తండ్రి: సాయంత్రం నాలుగూ ఇరవైకే పొద్దు గూకింది. నువ్వు ఇల్లు చేరేసరికి నడిరాత్రిలా ఉంది. అన్నం తిన్నావు, సోఫాలో ముడుచుకున్నావు, ఆ పెట్టె చేతిలోకి తీసుకున్నావు. పొద్దున్నుంచీ లాబ్‌లో కంప్యూటరు ముందే కదమ్మా ఉన్నావు? మళ్లీ ఇంకో తెర చూస్తూ కూర్చుంటే అది విశ్రాంతి ఎట్లా అవుతుంది?

కూతురు: లాబ్‌లో నేను తప్పు చేయకూడదు నాన్నా. ఒక్క నమూనా తారుమారైతే ఎవరికో తప్పు మందు పడుతుంది. డ్యూటీ అంతా మెడ బిగబట్టుకునే ఉంటాను. ఇంటికొచ్చాక చేతికీ మనసుకీ ఏదో ఒక పని కావాలి, కానీ ఆ పనిలో తప్పు జరిగినా ఎవరికీ ఏమీ కాకూడదు. ఈ ఆటల్లో నాకు దొరికేది అదే.

తండ్రి: ఆటన్నాక గెలుపు, ఓటమి ఉంటాయి. గెలవాలనుకుంటే బిగువు తప్పదు. అష్టాచెమ్మాలో కాయ చచ్చినా మీ అమ్మ పూటంతా మాట్లాడేది కాదు.

కూతురు: నేను ఆడేవాటిలో ఓటమి లేదు. ఇది చూడు, 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్'. 2020 మార్చి 20న వచ్చింది. చిన్న దీవి, చుట్టూ జంతువుల ఇరుగుపొరుగు. ఇల్లు కట్టుకోవడానికి అప్పిస్తారు. ఆ అప్పుకు వడ్డీ లేదు, గడువూ లేదు. చేపలు పట్టుకోవచ్చు, శిలాజాలు తవ్వి మ్యూజియానికి ఇవ్వచ్చు, ఏమీ చేయకుండా సముద్రం ఒడ్డున కూర్చోనూ వచ్చు. దీవిలో గడియారం మన గడియారమే. ఇక్కడ రాత్రయితే అక్కడా రాత్రే. మొదట్లోనే ఉత్తరార్ధగోళమా దక్షిణార్ధగోళమా అని అడుగుతుంది. నాలాగా ఉత్తరం అన్నవాళ్ల దీవి మీద డిసెంబరు 11 నుంచి నేలంతా మంచు పరుచుకుంటుంది. రోజుకొక మంచుమనిషిని చేయచ్చు. తలా మొండెమూ సరైన కొలతలో కుదిరితే మంచు సామాను చేసే పద్ధతి నేర్పుతాడు.

తండ్రి: కిటికీ తెరిస్తే నిజం మంచు ఉంది కదా. దాన్ని వదిలేసి బొమ్మ మంచు దొర్లించడం ఎందుకు? బయటికి నడవమ్మా. చలిదేశాల్లో వెలుతురు తగ్గి మనసు కుంగిపోతుందని మొన్న నువ్వే చెప్పావు.

కూతురు: అది నిజమే. ఆ జబ్బును 1984లో నార్మన్ రోజెంతాల్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు గుర్తించి పేరు పెట్టారు. దానికి ముందు కావలసింది వెలుగు. పొద్దున్నే అరగంట పది వేల లక్స్ దీపం ముందు కూర్చోమంటారు. ఎండ లేని మబ్బు రోజున కూడా గదిలో కన్నా బయట ఎన్నో రెట్లు వెలుగుంటుంది. అందుకే మధ్యాహ్నం భోజనం వేళ నేను ఆసుపత్రి చుట్టూ నడుస్తాను. వెలుగు చేసే పని ఆట చేయలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నాలుగూ ఇరవై తర్వాత బయట ఏ వెలుగుంది? కాలిబాట మీద నీళ్లు గడ్డకట్టి గాజులా ఉన్నాయి. చీకటి పడ్డాక నిద్రదాకా ఆరు గంటలుంటాయి. నేను మాట్లాడేది ఆ ఆరు గంటల గురించి.

తండ్రి: మనూళ్లోనూ చలికాలం రాత్రులు పెద్దవే. వీధి చివర చలిమంట వేసేవాళ్లు. దాని చుట్టూ పదిమంది చేరేవాళ్లు, పంటల మాటలు, పెళ్లిళ్ల మాటలు. పక్కన మనిషి ఉండేవాడు. నీ పక్కన ఎవరున్నారు? ఒంటరితనానికి మందని ఒంటరిగా ఆడుకునే ఆట ఇస్తే జబ్బు పెరుగుతుందే గానీ తగ్గుతుందా?

కూతురు: ఈ ఆట పుట్టిందే ఆ బాధలోంచి నాన్నా. దీన్ని తలపెట్టిన కత్సుయా ఎగుచి, చిబాలో పెరిగి నింటెండో అనే ఆటల కంపెనీలో ఉద్యోగానికి క్యోటో వచ్చాడు. ఇంటివాళ్లు, స్నేహితులు దూరమయ్యాకే వాళ్లతో కలిసి ఉండటం ఎంత ముఖ్యమో తనకు తెలిసిందని, దాన్ని ఆటలో పెట్టాలనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. 2001లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటలో ఒక ఇంట్లో నలుగురు ఒకే ఊళ్లో ఉండచ్చు, కానీ ఒకసారికి ఒక్కరే ఆడాలి. రాత్రి ఆలస్యంగా వచ్చిన తండ్రి, పిల్లలు వదిలిపెట్టిన ఉత్తరం ఆటలో చదువుకుని జవాబు రాసి పడుకోవచ్చు. వేళలు కుదరని ఇంటికోసం ఆలోచించి చేసిన ఏర్పాటది. ఇప్పుడైతే టొరంటోలో ఉన్న నా స్నేహితురాలు ఆదివారాలు నా దీవికి వస్తుంది. ఇద్దరం మాట్లాడుకుంటూ చేపలు పడతాం. చేతులకు పనుంటే మాట తేలిగ్గా వస్తుంది. ఊరికే ఫోన్ చేస్తే రెండో నిమిషానికి 'ఇంకేంటి' దగ్గర ఆగిపోయేవాళ్లం.

తండ్రి: సరే, అది వదిలేద్దాం. నాకు అసలు మింగుడు పడనిది ఇంకొకటుంది. సెలవు రోజుల్లో ఆడతావే, పొలం ఆట.

కూతురు: 'స్టార్‌డ్యూ వ్యాలీ'. ఎరిక్ బరోన్ అని, సియాటిల్‌లో ఒక్కడే నాలుగున్నరేళ్లు కూర్చుని చేశాడు. బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాము అన్నీ ఆయనవే. 2016 ఫిబ్రవరి 26న వచ్చింది. ఇప్పటికి నాలుగు కోట్లకు పైగా అమ్ముడైంది. ఆఫీసు పనితో విసిగిన మనిషికి తాత పొలం రాసిచ్చి పోతాడు, అక్కడ మొదలవుతుంది.

తండ్రి: అదే. పక్కన కూర్చుని శ్రద్ధగా చూశాను. పదిహేను విత్తనాలిచ్చారు. రోజూ నీళ్లు పోస్తే నాలుగు రోజుల్లో దుంప ఊరింది. విత్తనం ఇరవై, దుంప ముప్పై అయిదు. రేపు వానపడుతుందని టీవీలో చెప్పాడంటే పడితీరుతుంది. ఎంత పంట తెచ్చి పెట్టెలో వేసినా ధర దిగదు. కాకులు వాలతాయి, దిష్టిబొమ్మ పెడితే అవీ పోతాయి. తెగులు లేదు, కౌలు లేదు, కాంటా దగ్గర తరుగు లేదు. 2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడ్డ సంగతి గుర్తుందా? పూత పూతంతా రాలిపోతుంటే ఏ మందూ పనిచేయలేదు. ఎకరాలకు ఎకరాలు దున్నేసుకున్నారు. గట్టుమీద కూర్చుని ఏడ్చిన మొగవాళ్లను నేను చూశాను. అటువంటి పనిని విశ్రాంతి ఆట చేస్తే నాకు బాధగా ఉంటుందమ్మా.

కూతురు: ఆ బాధ అర్థమవుతుంది నాన్నా. ఇది సేద్యం అని నేనెక్కడా అనను. ఇది ఆడి సేద్యం తెలిసిందని ఎవరైనా అంటే నేనే కొట్లాడతాను. కానీ మనిషికి ఇందులో హాయి ఎందుకు దొరుకుతోందో చూడు. ఇవాళ నీళ్లు పోస్తే రేపు మొలక. మాటిచ్చిన వాన కురుస్తుంది. చేసిన కష్టం ఎవరూ ఎత్తుకుపోరు. లోకంలో ఇట్లా జరగదని తెలిసినవాళ్లకే ఇది ఎక్కువ నచ్చుతుంది. మీ రైతులు కోరుకున్న పొలం కూడా ఇటువంటిదే కదా.

తండ్రి: కోరుకోవడం వేరు. కోరుకున్నది బొమ్మలో దొరికిందని నిజం సంగతి మరిచిపోతే?

కూతురు: మరిచిపోయినవాళ్లు చేసింది కాదిది. ఈ తరహా పొలం ఆటలకు దారి వేసినవాడు యసుహిరో వాడా. మియజాకిలో పల్లెవాతావరణంలో పెరిగి టోక్యో వెళ్లాడు. నగరంలో ఉండగా, తాను వదిలి వచ్చిన జీవితం విలువ తెలిసి 1996లో 'హార్వెస్ట్ మూన్' చేశాడు. బరోన్ చిన్నప్పుడు ఆ ఆటలంటే ప్రాణం పెట్టి, పెద్దయ్యాక తన ఆట చేశాడు. అంటే పల్లె వదిలినవాడు చేశాడు, దాన్ని ఆడినవాడు ఇంకోటి చేశాడు, ఊరు వదిలిన నేను దాన్ని ఇక్కడ ఆడుతున్నాను. నీతో పాటు స్కూటరు మీద చేలల్లో తిరిగిన పిల్లనే కదా. నాకు నీళ్లు పోయడమే బాగుంటుంది. ఆట చెప్పిన మిగతా పనులు చాలా వదిలేస్తాను.

తండ్రి: ఒక మాట అడుగుతాను. శీతకాలం మొదటి రోజు పొద్దున చేలో ఉన్న పైరంతా ఒక్కసారిగా చచ్చిపోయింది. అదేం లెక్క?

కూతురు: ఆ ఆటలో ఏడాదికి నాలుగు రుతువులు, ఒక్కో రుతువు 28 రోజులు. శీతకాలంలో బయట నేలలో మామూలు పంటలేవీ పండవు, గాజుపందిరి ఉంటే దాని కిందే. నాకు ఆ 28 రోజులే చాలా ఇష్టం. నీళ్లు పోసే పనిలేదు కాబట్టి ఆట మెత్తబడుతుంది. గనిలోకి దిగచ్చు, మంచు కింద దుంపలు తవ్వచ్చు, ఊళ్లో ఒక్కొక్కరి గడపా తొక్కి మాట్లాడచ్చు. పదిహేనో తేదీ నుంచి మూడు రాత్రులు సముద్రం ఒడ్డున పడవల మీద సంత పెడతారు. ఇరవై అయిదున విందు, ఎవరి పేరొస్తే వాళ్లకు రహస్యంగా బహుమతి ఇవ్వాలి. మిగతా మూడు రుతువుల్లో పరుగులు పెట్టించిన ఆట, ఇక్కడ తనంతట తానే కూర్చోమంటుంది.

తండ్రి: మనకైతే శీతకాలంలో నేల చావదు. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన చేలోనే మినుము చల్లుతారు. కోసిన వరి మోడుల మధ్య, నేలలో మిగిలిన తేమకే అది పండుతుంది. నల్లరేగడిలో శనగ అంతే, పైనుంచి చుక్క వాన లేకుండా చలికే ఎదుగుతుంది. కోతలు, నూర్పిళ్లు, కల్లాల్లో కాపలా, పుష్యంలో సంక్రాంతి. రాత్రి చలీ తెల్లవారి మంచూ ఎక్కువైతే వరికి అగ్గితెగులు, మినుముకు బూడిద తెగులు. మామిడి పూత వచ్చే కాలమూ అదే, పొగమంచు పట్టిందంటే రైతుకు నిద్ర పట్టదు. ఏడాదిలో అంత కళ్లు తెరుచుకుని ఉండే కాలం ఇంకోటి లేదు. చలికాలం అంటే విశ్రాంతి అన్నమాటే మా వాళ్లకు కొత్త.

కూతురు: ఇక్కడి నేల సంగతి వేరు. ఇల్లినాయిలో మొక్కజొన్న, సోయా నవంబరుకల్లా అయిపోతాయి. మళ్లీ ఏప్రిల్ దాకా పొలాలు నల్లగా పడి ఉంటాయి. ఇక్కడివాళ్ల ఆటలో ఇక్కడి చలికాలమే ఉంది.

తండ్రి: అది న్యాయమే. ఇక నా భయం చెబుతాను విను. ఆటన్న మాట వింటే నాకు గుండె ఎందుకు దడదడలాడుతుందో నీకు తెలుసు. ఫోన్‌లో రమ్మీ ఆడి పొలం అమ్ముకున్న పిల్లల్ని చూశాను. తెలంగాణ 2017లోనే దాన్ని నిషేధించింది, మన రాష్ట్రం 2020లో. మొన్న 2025 ఆగస్టులో పార్లమెంటే డబ్బు ఆటలను ఆపుతూ చట్టం చేసింది. అప్పటికే ఎన్ని కొంపలు మునిగాయో. డబ్బు లేని ఆటయినా సరే, ఆపుకోలేకపోతే జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంది కదా?

కూతురు: అంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రోగాల పట్టికలో ఉంది. అదుపు తప్పడం, తిండీ చదువూ ఉద్యోగం కన్నా ఆటే ముందుకు రావడం, చెడు జరుగుతున్నా మానలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాదిపాటు కనిపిస్తే జబ్బు అంటారు. నీ భయం తప్పని నేను అనను. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధకులు 2020లో, కంపెనీలిచ్చిన అసలు ఆటగంటల లెక్కతో ఈ యానిమల్ క్రాసింగ్ ఆడేవాళ్లను చూశారు. ఎక్కువ ఆడినవాళ్లు కొంచెం ఎక్కువ సంతోషంగా కనిపించారు. నాలాంటివాళ్లు అది పట్టుకుని ఎగిరి గంతేశాం. రెండేళ్లకు వాళ్లే దాదాపు 39 వేల మందిని, ఏడు ఆటలతో, వారాల తరబడి గమనించారు. ఎన్ని గంటలు ఆడారన్నదాని వల్ల సంతోషం పెరగలేదు, తగ్గలేదు. తేడా ఒక్కచోట కనిపించింది. ఇష్టంతో ఆడినవాళ్ల మనసు కాస్త మెరుగ్గా ఉంది. ఆడకపోతే కుదరదని ఆడినవాళ్లది కాస్త దిగజారింది.

తండ్రి: చూశావా, నేనన్నదే వచ్చింది. ఆడక తప్పదనిపించేలా చేయడమే వీళ్ల వ్యాపారం. నీ దీవి ఆటలోనూ పొద్దున్నే ఒక మిషన్ దగ్గరికి వెళ్లి ఏదో నొక్కావు. ఎందుకంటే వరసగా ఏడు రోజులొస్తే ఎక్కువ పాయింట్లని చెప్పావు. ఒకరోజు తప్పితే మళ్లీ మొదటికి రావాలన్నావు. అది హాజరుపట్టీ కాక మరేమిటి?

కూతురు: అవును, అది అందులో ఉండకుండా ఉంటే బాగుండేది. కొన్నాళ్లు ఊరెళ్లి వస్తే కలుపు మొక్కలు మొలిచి ఉంటాయి, ఇంట్లో బొద్దింకలు తిరుగుతాయి. కానీ రోజుకు దొరికే శిలాజాలు నాలుగే. రాత్రి పదికి కొట్టు మూసేస్తారు. అరగంట తిరిగాక చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఆటే నన్ను ఇంటికి పంపేస్తుంది. పొలం ఆటలో ఇంకో రకం ప్రమాదం ఉంది. అక్కడి ఒక రోజు మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. మంచమెక్కి నిద్రపోతేనే ఆట భద్రమవుతుంది. తెల్లారగానే మొలకలు కనిపిస్తాయి, ఇంకొక్క రోజు అనిపిస్తుంది. అట్లా రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే డ్యూటీ ఉన్న రోజుల్లో నేను అది ముట్టుకోను. అసలు చిక్కు ఫ్రీగా వచ్చే ఫోన్ ఆటలతో. ప్రాణాలు అయిపోయాయి, నాలుగు గంటలు ఆగు, లేదా డబ్బు కట్టు, లేదా ప్రకటన చూడు. వాటిని పెట్టిందే ఆగనివ్వకుండా ఉండటానికి. ఆ ఆటలకు మెత్తటి రంగులు, పిల్లనగ్రోవి సంగీతం ఎంత పెట్టినా అవి విశ్రాంతి ఆటలు కావు.

తండ్రి: అంటే నువ్వు అనేది, వదిలిపెట్టనిచ్చే ఆటే మంచి ఆట.

కూతురు: అవును. చేతిలో పట్టుకునే ఆటల పెట్టె పుట్టిందే ఖాళీ నిమిషాల కోసం. నింటెండోలో గున్‌పే యొకోయి అనే ఇంజినీరు, రైల్లో ఒక ఉద్యోగి తోచక కాలిక్యులేటరు మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూశాడట. అందులోంచే 1980లో 'గేమ్ అండ్ వాచ్', తర్వాత 1989లో 'గేమ్ బాయ్' వచ్చాయి. దిగాల్సిన స్టేషను రాగానే జేబులో పెట్టుకోగలగాలి. నా చేతిలో ఉన్న ఈ పెట్టె, నింటెండో స్విచ్‌లో కూడా మీట నొక్కితే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే అక్కడే మొదలు. టీవీ ముందు కూర్చుని ఆడేదానికి, దుప్పట్లో కాళ్లు ముడుచుకుని ఆడేదానికి అదే తేడా.

తండ్రి: దుప్పట్లో పెట్టుకుంటే వేడెక్కదా?

కూతురు: గాలి ఆడే చోటు మూసేయకూడదు. చలికీ జాగ్రత్త కావాలి. అయిదు డిగ్రీల నుంచి ముప్పై అయిదు మధ్య వాడమని కంపెనీ చెబుతుంది. రాత్రి కారులో వదిలేస్తే బ్యాటరీ నీరసిస్తుంది. గడ్డకట్టిన పెట్టెను వెచ్చటి గదిలోకి తేగానే నొక్కకూడదు, లోపల చెమ్మ పడుతుంది. కాసేపు అట్లా ఉంచి తర్వాత పెట్టాలి. చేతి తొడుగులతో మీటలు నొక్కచ్చు గానీ తెర మాట వినదు.

తండ్రి: నాలాంటివాడు ఆడాలంటే ఏది ఇస్తావు? రోజూ రమ్మని పిలిచేది వద్దు.

కూతురు: 'ఎ షార్ట్ హైక్'. ఆడం రాబిన్సన్-యూ అనే కెనడా కుర్రాడు చేశాడు, 2019లో వచ్చింది. క్లేర్ అనే చిన్న పిట్ట, ముఖ్యమైన ఫోన్ కోసం ఎదురుచూస్తుంటుంది. కొండ మీదైతేనే సిగ్నల్ దొరుకుతుంది, అందుకని ఎక్కుతుంది. దారిలో బంగారు ఈకలు ఏరుకుంటే ఇంకా పైకి ఎగరచ్చు. శిఖరం దగ్గర మంచుకు ఈకలు గడ్డకడతాయి. పడినా దెబ్బ తగలదు, రెక్కలు చాపి జారుతూ దిగచ్చు. తిన్నగా వెళ్తే గంటన్నర, రెండు గంటలు. అంతే, అయిపోతుంది. ఆ ఫోన్ ఎవరిదో నేను చెప్పను, ఎక్కి తెలుసుకో.

తండ్రి: అయిపోతుందంటున్నావు, అది నచ్చింది. రేపు చూస్తాను. కానీ మధ్యాహ్నం నువ్వు నడిచే వేళకు నేనూ వస్తాను, అది మాత్రం మానడానికి వీల్లేదు. పడుకునే ముందు గంట ఆ పెట్టె పక్కన పెట్టు.

కూతురు: గంట కష్టం. అరగంట పెడతాను.

తండ్రి: ముక్కాలు గంట. సరే, నరసరావుపేటలో మీ అత్త మనవడు రోజంతా ఫోన్‌లో ఆ ప్రకటనల ఆటలే ఆడుతున్నాడు. ఈ పెట్టె వాడికి కొనలేం. పొలం ఆట ఫోన్‌లో వస్తుందా?

కూతురు: వస్తుంది. ఐఫోన్‌కు 2018లో, ఆండ్రాయిడ్‌కు 2019లో వచ్చింది. ఒకసారి కొంటే చాలు. ప్రకటనలు లేవు, లోపల మళ్లీ డబ్బు అడగదు, నెట్ లేకపోయినా నడుస్తుంది.

తండ్రి: తెలుగులో ఉందా?

కూతురు: లేదు. జపనీస్, కొరియన్, టర్కిష్, హంగేరియన్ ఉన్నాయి. మనది లేదు.

తండ్రి: భాష ఒక్కటేనా, అందులో మన చలికాలమూ లేదు. పైరు చచ్చే చలికాలం మన పిల్లలకెందుకు? మోడుల్లో మినుము మొలిచే చలికాలం కావాలి, కల్లంలో కుప్ప, ధనుర్మాసం ముగ్గు, పొగమంచులో మామిడి పూత కావాలి. ధర పడిపోయే రోజు కూడా ఒకటి ఉండాలి, అది లేకపోతే నేను ఒప్పుకోను. హైదరాబాదులో ఆటలు తయారుచేసే కుర్రాళ్లు చాలామంది ఉన్నారంటున్నారు కదా. వాళ్లలో ఎవరైనా ఇది చేస్తామంటే నాకు చెప్పమ్మా. ఏ పంటకు ఎన్ని రోజులు, ఏ నేలకు ఏ విత్తనం, ఏ చలికి ఏ తెగులు, అన్నీ కూర్చుని నేను రాసిస్తాను.